పన్నెండు ఇళ్ళు, ఆరు ఆపిల్ పళ్ళు

భుయ్యాడీహ్‌లో సువర్ణరేఖ నది వైపు దిగిపోయే సందుల్లో ఒకటి తెలుగువాళ్ళది. అందులో ఇళ్ళు పన్నెండు. నది వైపున ఉన్న చివరి ఇల్లు జోగమ్మది. ఆమె భర్త ఆదిబాబు కాంట్రాక్టు కూలి. పని ఉన్న వారం ఆరు రోజుల కూలి తెచ్చేవాడు, లేని వారం మూడు రోజులది. కూలి సగమైనంత మాత్రాన ఆ ఇంటి ఆకలి కూడా సగమయ్యేది కాదు గనుక జోగమ్మ తన సరుకుల పద్ధతిని మొదటినుంచీ మూడు రోజుల కూలి మీదనే కట్టుకుంది.

ఆ పద్ధతి ఎవరూ నేర్పినది కాదు. పర్సుడీహ్ సంతకు వెళ్ళి ముందుగా చోళ్ళు కొనేది, తరవాత ఉలవలు. ఈ రెండూ సంచిలో పడ్డాకనే బియ్యం మాట. చోళ్ళను, అంటే రాగులను, అక్కడివాళ్ళు మడువా అంటారు. పల్లెలనుంచి వచ్చే ఆదివాసీ స్త్రీలు బియ్యం ధరలో సగానికే కొలిచి పోసేవారు. మునగాకు నదిగట్టున ఊరికే దొరికేది. ఎండుచేపలు ఆదివారానికి. ఉదయం చోడి అంబలి, మధ్యాహ్నం ఉలవచారుతో అన్నం, సాయంత్రం ఏదో ఒక ఆకుకూర. మిగిలిన అన్నం తరవాణి కుండలో పడి మర్నాటికి పులిసి, పనికి వెళ్ళే ఆదిబాబు కడుపులో చల్లగా కూర్చునేది. ఇంతకంటే బలమైన తిండి ఇంత తక్కువలో ఏ పండితుడూ చెప్పలేడు. అయితే ఆ సంగతి జోగమ్మకు తెలియదు. సందులో మిగిలిన పదకొండు ఇళ్ళకూ తెలియదు. వాళ్ళకు తెలిసిందల్లా ఇది చవక తిండి అని, చవకైన దానికి సిగ్గుపడాలి అని.

అన్ని ఇళ్ళలోనూ వండేది ఇదే. అన్ని ఇళ్ళలోనూ తలుపులు మూసే వండేవారు. ఇనుము కరిగించే పట్నానికి వచ్చి కూడా చోళ్ళు తింటున్నామంటే ఇంత దూరం ఎందుకు వచ్చినట్టు? కనుక ఒకరి ఇంటినుంచి వచ్చే అంబలి వాసన మరొకరి ముక్కుకు తగలకపోవడం ఆ సందులో మర్యాదగా స్థిరపడింది. "ఏటొండేవప్పా?" అని అడిగితే "సన్నబియ్యం, పప్పు" అని జవాబు వచ్చేది. అడిగినామె నమ్మినట్టు తల ఊపేది. రేపు తనూ అదే చెప్పాలి కదా.

1979లో ఈ పద్ధతికి ఒక్క చోట గండి పడింది. జోగమ్మ చిన్నకూతురు బంగారమ్మకు నాలుగేళ్ళు. ఫాల్గుణంలో తట్టు పోసి, తగ్గి, పిల్లను మాత్రం సగం చేసి వదిలిపెట్టింది. దసరా నాటికి కూడా తొమ్మిదిన్నర కిలోల దగ్గరే నిలిచిపోయింది. డిస్పెన్సరీ డాక్టరు చీటీ మీద ఒకే ఒక్క మందు రాశాడు: "పాలు, రోజూ పావు లీటరు, మూడు నెలలు." జోగమ్మ తన వక్క మానేసింది. ఇంట్లో టీకి చక్కెర మానిపించింది. ఆదిబాబు బీడీలు సగం చేసింది. ఇవన్నీ కలిపితే వారంలో మూడు రోజుల పాలు వచ్చాయి. మిగిలిన నాలుగు రోజులు పిల్ల ఖాళీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో కూర్చునేది. ఆ నాలుగు రోజుల పాలు ఎక్కడినుంచి తేవాలన్నదే ఆ ఏడాది జోగమ్మకు ఉన్న ఏకైక చింత.

పాలు తమంతట తామే సందు మొగదాకా వచ్చాయి. వచ్చింది కాగితం రూపంలో. అది అంతర్జాతీయ బాలల సంవత్సరం గనుక ఒక సేవాసమితి వారు పేటలన్నిటికీ ఇంగ్లీషులో ఒక సర్క్యులర్ పంపారు. నంబరు 41, తేదీ 17-9-1979. తెలుగు సందులో దాన్ని అందుకున్నవాడు వెంకటరావు. ఆయన ఒక చిన్న వర్కుషాపులో టైమ్‌కీపరు, తెలుగు సంఘానికి కార్యదర్శి, ఇంగ్లీషు చదవగల ఏకైక గృహస్థు. సర్క్యులర్లో మూడు పేరాలున్నాయి. మొదటి పేరాలో గృహముల ఆహారమును పరిశీలించెదమని ఉంది. మూడో పేరాలో తగిన సహకారము అందించవలెనని ఉంది. ఏ సందులో సగానికి మించిన ఇళ్ళకు పాలు, గుడ్లు కొనే శక్తి లేదో ఆ సందు మొగలో పాలకేంద్రం పెట్టి, ఆరేళ్ళలోపు పిల్లలకు రోజూ గ్లాసెడు పాలు ఉచితంగా పోస్తామన్న సంగతి రెండో పేరాలో ఉంది. ఆఫీసు కాగితాల్లో మధ్య పేరాలు కింది సిబ్బంది కోసం రాస్తారని వెంకటరావు ఉద్యోగానుభవం. ఆయన మొదటిదీ మూడోదీ చదివి కళ్ళజోడు తీశాడు.

"ఇన్‌స్పెక్షనొస్తోంది," అన్నాడు సందు జనాన్ని పోగుచేసి.

ఆ మాట ఒక్కటి చాలు. ఇన్‌స్పెక్షన్ అంటే ఏం చేయాలో ఆ సందులో మగవాళ్ళందరికీ చేతివేళ్ళకు తెలుసు. పెద్దదొర వర్కుషాపు చూడడానికి వస్తున్నాడంటే దారి పక్క ఇటుకలకు సున్నం కొడతారు. విరిగిన పనిముట్లను రేకుల వెనక్కి నెడతారు. స్టోర్సులోంచి కొత్త హెల్మెట్లు తెచ్చి, దొర ఏ మూలకు నడిస్తే ఆ మూలకు ముందుగా చేరవేస్తారు. దొర "వెరీ గుడ్" అని వెళ్ళిపోతాడు. విరిగిన పనిముట్లు మళ్ళీ బయటికి వస్తాయి. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పనిని ఇంటి వంటగదిలో చేయడానికి ఎవరికీ ఆలోచన అవసరం లేకపోయింది.

"పక్క సందులో ఎవరెవరో ఉన్నారు. వాళ్ళ ముందు మన తెలుగువాళ్ళ పరువు నిలబడాలి," అన్నాడు వెంకటరావు. "ఇంటికి రెండ్రూపాయలు. ఆరు ఆపిల్‌పళ్ళు, డజను గుడ్లు, వెన్న డబ్బా ఒకటి, పాలు లీటరు. ఒక్కటే సెట్టు. చూడ్డానికొచ్చే సమితి మేడమ్ ముందు గుమ్మంలోంచి బయటకొస్తుంటే సెట్టు పెరటి గోడ మీదనుంచి పక్కింటికి పోవాలి."

"మరి ఇంట్లో ఉన్నయ్యి?" అంది మొదటి ఇంటి కస్తూరమ్మ. 'చోళ్ళు' అనే మాట నలుగురిలో పలకడానికి ఆమెకు నోరు రాలేదు.

"అవన్నీ జోగమ్మింట్లో పెట్టండి. చివరిల్లు. తాళమేసి ఊరెళ్ళారని చెబుతాను. లోపల చప్పుడు కాకుండా కూర్చోమ్మా, జోగమ్మా."

జోగమ్మ రెండు రూపాయలు ఇచ్చింది. బంగారికి మూడు రోజుల పాలు అవి. ఇస్తూ, "రావుగారూ, ఆపిలుపళ్ళు నాకు పంపరు, డబ్బులు మాత్రం నా దగ్గర పుచ్చుకుంతారు. ఇదేటి లెక్క?" అంది.

"పరువులో అందరికీ వాటా ఉందమ్మా," అన్నాడాయన.

"మరి పండులో?" అంది జోగమ్మ. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వెంకటరావు విననట్టు రసీదు రాశాడు.

అక్టోబరు పదో తారీఖు, బుధవారం. తెల్లవారేసరికి పదకొండు ఇళ్ళ చోడిపిండి సంచులు, ఉలవల కుండలు, తరవాణి కుండలు, మునగాకు కట్టలు, ఎండుచేపల బుట్టలు జోగమ్మ ఒక్కగదిలోకి చేరాయి. పెద్దకూతురు పద్మకుమారి పద్నాలుగేళ్ళది, హిందీ బడిలో చదువుతుంది. ఆ రోజు బడి మానిపించి కుండల మధ్య దారి కాపాడే పని ఆమెకు అప్పగించింది తల్లి.

"అమ్మా, యే దుకాన్ హై క్యా?" అంది పద్మ, ఇదేమైనా దుకాణమా అన్నట్టు.

"నోర్మూసుకుని ఆ బుట్ట పైకెట్టు. పిల్లి గాని వచ్చిందంటే పదకొండిళ్ళకీ మనవే జవాబు సెప్పాలి."

మేడమ్ తొమ్మిది గంటలకు వచ్చింది. నడివయసు మనిషి, కాటన్ చీర, చేతిలో అచ్చువేసిన ఫారాల దొంతర. వెంకటరావు ఆమె పక్కనే నడుస్తూ గృహిణుల తెలుగును హిందీ చేస్తూ వచ్చాడు. మొదటి ఇంట్లో కస్తూరమ్మ తమ పిల్లలు వెన్న లేనిదే నిద్రపోరని చెప్పింది. నాలుగో ఇంటి సింహాచలమ్మ పరువు విషయంలో ఇంకో మెట్టు ఎక్కి, "ఆపిలుపళ్ళు తిని తిని మాకు మొహం మొత్తిందమ్మా," అంది. ఏడో ఇంటి పెరటి గోడ దగ్గర ఒక గుడ్డు జారి పగిలింది. ఫారాల్లో ఆరో ఇంటి దాకా ఇంటికి పన్నెండేసి గుడ్లూ, ఏడో ఇంటినుంచి పదకొండేసీ నమోదు కావడానికి కారణం అదే. ఆపిల్ పళ్ళు మాత్రం మొదటినుంచి చివరిదాకా ఆరే. ఇంటింటా ఇంతటి సమానత్వం ఆ దేశంలో మరెక్కడా సాధించలేదు గనుక మేడమ్‌కు సంతోషమే కలిగి ఉండాలి.

పదకొండో ఇల్లు అయింది. వెంకటరావు దండ తెప్పించాడు. మేడమ్ జాబితా చూసి, "పన్నెండో ఇల్లు?" అని హిందీలో అడిగింది.

"తాళం. ఊరికి వెళ్ళారు."

అప్పుడే ఆ ఇంట్లోంచి బంగారి దగ్గు వినిపించింది. ఎండుచేపల ఘాటుకు గుక్కతిప్పుకోలేక దగ్గుతోంది. మేడమ్ వెంకటరావు ముఖం చూసి, మరేమీ అడగకుండా వెళ్ళి తలుపు తట్టింది. జోగమ్మ తెరిచింది.

గది నిండా కుండలు. కుండల మధ్య ముగ్గురు ఆడమనుషులు.

"యే సబ్ ఆప్‌కా హై?" అంది మేడమ్.

ఇదంతా మీదేనా అని అడిగినట్టు జోగమ్మకు అర్థమైంది. వెంకటరావు గుమ్మం బయటినుంచి కళ్ళతో ఏదో చెబుతున్నాడు. జోగమ్మ అటు చూడలేదు. "అవునని సెప్పు," అంది పద్మతో.

మేడమ్ ఫారం తీసింది. పాలు, గుడ్లు, మాంసం, పండ్లు, వెన్న, గోధుమ, బియ్యం అని గడులున్నాయి. చోళ్ళకు గడి లేదు. ఉలవలకు లేదు. మునగాకును ఏ గడిలో వేయాలో ఆ ఫారం అచ్చువేసిన మహానుభావులకే తెలియదు. కనుక నది ఒడ్డున పన్నెండు కుటుంబాల బలం మొత్తం పోగుపడి ఉన్న గదిలో నిలబడి ఆ విద్యావంతురాలు గడి తరవాత గడిలో సున్నా చుట్టింది. చివర "ఆహారము మిక్కిలి హీనము" అని రాసింది. తరవాత బంగారి జబ్బను రెండు వేళ్ళతో పట్టి చూసి, కొంచెం మెత్తబడి, పద్మతో హిందీలో నెమ్మదిగా మాట్లాడింది.

వింటూ వింటూ పద్మ ముఖం మారిపోయింది.

"అమ్మా! మేడమ్ పాలకేంద్రం కోసం వచ్చిందంట. సగం ఇళ్ళకి పాలు లేకపోతే కేంద్రం పెడతారంట, పిల్లలకి రోజూ ఉచితంగా. మన సందులో పాలు లేనిది మనకొక్కళ్ళకేనంట. ఇసీలియే నహీ మిలేగా, అమ్మా! రాదంట!"

జోగమ్మ గుమ్మం వైపు తిరిగింది.

"రావుగారూ. ఇది ఆ కాయితంలో ఉన్నాదా?"

వెంకటరావు జేబులోంచి సర్క్యులర్ తీశాడు. జీవితంలో మొదటిసారి రెండో పేరా చదివాడు. చదివి, మడిచి, "సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోవాలి," అన్నాడు.

"మేడమ్‌కి సెప్పవే పద్మా. ఈ కుండలు పన్నెండిళ్ళవని సెప్పు. ఆ పళ్ళు ఏ ఒక్కరివీ కావని సెప్పు."

మేడమ్ విన్నది. ఫారాలు తిరగేసింది. ఆరు, ఆరు, ఆరు అని వరసగా ఉన్న ఆపిల్ పళ్ళను చూస్తూ పెదవి కొరుక్కుంది. కానీ ఆమెకూ పై అధికారి ఉన్నాడు. ఒక ఇంటివాళ్ళు చెప్పిన మాటమీద పదకొండు ఇళ్ళవాళ్ళు స్వయంగా చెప్పింది కొట్టివేయలేనంది. ఏ ఇంటివాళ్ళకు ఆ ఇంటివాళ్ళు రాసి సంతకం పెట్టి, శుక్రవారం పదిగంటలలోగా గోల్‌మురిలోని సమితి ఆఫీసులో ఇస్తే దిద్దుతానంది. వెళ్తూ జోగమ్మ చేతిలో ఒక కరపత్రం పెట్టింది. "తక్కువ ఖర్చుతో మంచి ఆహారము." అట్ట మీద ద్రాక్షపళ్ళ గుత్తి.

మేడమ్ సందు దాటగానే జోగమ్మ తలుపు మూసి గడియ పెట్టింది.

పొయ్యిలు అంటించే వేళకు సింహాచలమ్మ వచ్చి తలుపు కొట్టింది. "అప్పా, నా సోడిపిండి సంచి ఇయ్యి. పిల్లలు ఏడుత్తన్నారు."

"నీకు సోడిపిండెందుకే? ఆపిలుపళ్ళు తిని మొహం మొత్తింది కదేటి?" అంది జోగమ్మ లోపలినుంచి.

"ఎకసెక్కాలొద్దప్పా. ఇయ్యి."

తలుపు సగం తెరుచుకుంది. లోపల పద్మ నోటుబుక్కులోంచి చింపిన కాగితం పీట మీద ఉంది. "ఈ ఉదయం చూపిన పళ్ళు, గుడ్లు, వెన్న, పాలు మా ఇంటివి కావు. కొనే శక్తి మాకు లేదు. మేము తినేది చోడి అంబలి, ఉలవచారు." తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి. కింద పన్నెండు అంకెలు. పన్నెండో అంకె దగ్గర జోగమ్మ వేలిముద్ర అప్పటికే ఉంది.

"ఏలిముద్ర ఏసి నీ సంచి పట్టుకుపో."

"ఓలమ్మో! పొద్దున్న తింతామన్నది సందేళకి తినమని రాసిత్తే ఆ మేడమ్ ఏటనుకుంతాది? మా ఆయన నన్ను సంపెత్తాడు."

"కూడు లేకపోతే సంపడేటి? నీ చిన్నోడికి మూడేళ్ళు. రోజూ గ్లాసెడు పాలు ఆడివి. నీ నోటితో నువ్వే ఒలకబోసేవు. ఇప్పుడు ఏలితో ఎత్తు."

సింహాచలమ్మ ఆ కుండల వైపు చూసింది. వెనక పిల్లవాడి ఏడుపు వైపు చెవి పెట్టింది. వేలు ముందుకు చాపింది.

ఆ తరవాత ఒక్కొక్కరే వచ్చారు. కొందరు తిట్టారు. కస్తూరమ్మ తన ఉలవల కుండ తనకు ఆనవాలేనని, కాగితం అక్కర్లేదని వాదించింది. "ఆనవాలేటి సెప్పు," అంది జోగమ్మ. "అంచు ఇరిగింది," అంది కస్తూరమ్మ. అంచు విరిగినవి నాలుగు కుండలు చూపించాక ఆమె కూడా వేలిచ్చింది. అప్పుడే పనినుంచి వచ్చిన ఆదిబాబు సందు ఆడవాళ్ళంతా తన గుమ్మంలో ఉండడం చూసి సైకిలు గోడకు ఆనించి, "ఏటే ఇది? రేపు రావుగారు నాకు పనిప్పించాల్సొత్తే?" అన్నాడు గొంతు తగ్గించి.

"తొమ్మిదేళ్ళనుంచీ ఇప్పిత్తన్నాడు. ఇప్పించేడా?"

ఆదిబాబు లెక్క చూసుకుని, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

చివరికి ఒక్క సంచి, ఒక్క కుండ మిగిలాయి. సంచి మీద వర్కుషాపు ముద్ర ఉంది. వెంకటరావు భార్య వరహాలమ్మ రెండుసార్లు వచ్చి వెళ్ళింది. మూడోసారి ఆయనే వచ్చాడు. సెట్టు మొత్తం ఆయన ఇంట్లోనే ఉంది. ఆపిల్ పళ్ళు, పదకొండు గుడ్లు, వెన్న, పాలు. ఆ ఇంట్లో ఉన్నది ఏడుగురు. ఆరు పళ్ళను ఏడుగురికి పంచే ప్రయత్నం అప్పటికే ఒకసారి జరిగి విఫలమైందని ఆయన ముఖం చెబుతోంది.

"కార్యదర్శిగా సాక్షి సంతకం పెడతాను, ఇలా ఇవ్వు," అన్నాడు దర్జాగా.

"సాచ్చి అక్కర్నేదు బాబూ. ఒకటో ఇంటినుంచి పన్నెండో ఇంటిదాకా అందరం ఇంటోళ్ళమే. మీది అయిదు."

"నేను టైమ్‌కీపర్ని జోగమ్మా. నేను చోళ్ళు తింటానని రాసి సంతకం పెడితే ఆఫీసులో…"

"తింతారా, తినరా?"

వెంకటరావు వెనక్కి తిరిగి చూశాడు. గుమ్మం ముందు పది ఇళ్ళ ఆడవాళ్ళు కుండలు చంకన పెట్టుకుని నిలబడ్డారు. ఎవరూ ఇంటికి వెళ్ళలేదు.

"తినకపోతే ఆ సంచి మీది కాదన్నమాట. మా బంగారికి అట్టిపెట్టుకుంతాను," అంది జోగమ్మ సంచి మూతి ముడివేస్తూ.

వెనకనుంచి వరహాలమ్మ గొంతు వినిపించింది. "సంతకం పెట్టండీ! పొద్దున్నుంచీ పిల్లలకి పళ్ళు సూపించడమే గాని తిననిచ్చేరా మీరు? ఇరవయ్యేళ్ళనుంచీ మీకు అంబలి కాత్తన్నాను. దాక్కుని తాగడం మీకూ అలవాటే, నాకూ అలవాటే. ఇప్పుడు ఊరంతా సూసింది. ఇంకెందుకు?"

ఆ సందులో అందరి ముక్కులూ ఒక్కసారిగా పనిచేయడం మొదలుపెట్టినట్టయింది. ఎవరో ఫక్కున నవ్వారు. వెంకటరావు కలం తీసి అయిదో అంకె ఎదురుగా, టైమ్‌కీపరు హోదాతో సహా, ఇంగ్లీషులో సంతకం చేశాడు. ఆ కాగితం మీద వేలిముద్ర కానిది అదొక్కటే. సంచి భుజాన వేసుకుని ఆయన నడుస్తుంటే ఆడవాళ్ళు దారి ఇచ్చారు. అంతకుముందెన్నడూ ఆయనకు అంత గౌరవంగా దారి ఇచ్చి ఉండరు.

శుక్రవారం ఉదయం జోగమ్మ, పద్మ గోల్‌మురి నడిచి వెళ్ళి పదిగంటలకు ఇరవై నిమిషాల ముందే కాగితం ఇచ్చారు. ముట్టినట్టు రాసివ్వందే కదలనని జోగమ్మ బల్ల ముందు నిలబడింది. రాసిచ్చారు. నవంబరు పంతొమ్మిదిన సందు మొగలో పాలకేంద్రం తెరిచారు. పొడిపాలు, మరిగించిన నీళ్ళు, పెద్ద అల్యూమినియం గిన్నె. ఆపైన నెలకొకసారి పిల్లలను తూచడానికి వేలాడే కాటా.

మరుసటి ఏప్రిల్లో తెలుగు సంఘం వార్షిక నివేదిక అచ్చయింది. ఏడో పేజీలో, "మన కార్యదర్శిగారి అవిరళ కృషి ఫలితముగా పాలకేంద్రము సాధింపబడినది" అని ఉంది. పద్మ దాన్ని పాలకేంద్రం వరసలోకే పట్టుకొచ్చి తల్లికి చదివి వినిపించింది. కోపంతో ఆమె హిందీ, తెలుగు కలగాపులగమయ్యాయి. "ఝూట్ లిఖా హై, అమ్మా! అంతా అబద్ధం! నీ పేరే లేదు!"

జోగమ్మ వినడం లేదు. బంగారిని కాటాకు వేలాడే గుడ్డ ఉయ్యాలలో కూర్చోబెట్టి, ముల్లు ఊగడం ఆగేదాకా చేతులు దూరంగా పట్టుకుని నిలబడింది.

"బారహ్, ఆఠ్ సౌ," అన్నాడు తూచేవాడు.

"ఏటన్నాడే?"

"పన్నెండు కిలోల ఎనిమిది వందలు."

"మల్లీ సెప్పమను," అంది జోగమ్మ.